ఒక్క ముక్కకి విలువ కట్టడం ఎలా: ట్రేడింగ్ కార్డులకి మా పర్లాకిమిడి అరుగు లెక్క

పోయిన వేసవిలో మా మేనల్లుడు ఒక కార్డు తెచ్చాడు. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, రెండు చేతులా పట్టుకుని, గుళ్లో ప్రసాదం తెచ్చినట్టు తెచ్చాడు.

"మావయ్యా, ఇది బాగుందా?"

"దేనికిరా?"

"దేనికేటి? బాగుందా లేదా చెప్పు."

వాడికి చిరాకు వచ్చింది గానీ, నేను వేళాకోళానికి అడగలేదు. దేనికి, ఎప్పుడు, దేని బదులు. ఈ మూడూ తెలియకుండా ఏ కార్డు గురించీ ఏమీ చెప్పలేం. ఆ రోజు వాడికి సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే ఆంధ్రా. పాతపట్నం కుర్రాళ్లు సాయంత్రం సైకిళ్ల మీద మా అరుగు దగ్గరకి వచ్చేస్తారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కార్డు మీద ఇంగ్లీషు. ఆడేది ఎక్కువగా మ్యాజిక్: ద గేదరింగ్. చిన్నవాళ్లు పోకెమాన్ ఆడతారు. కార్డులు అమ్మే పెద్ద దుకాణం మా ఊళ్లో లేదు, కొరియర్‌లో రావాల్సిందే. కాబట్టి కొనే ముందే ఏది పనికొస్తుందో తెలుసుకోవడం మాకు సరదా కాదు, అవసరం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మ్యాజిక్ 1993లో వచ్చింది. తయారుచేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ లెక్కల మాస్టారు, కార్డు కార్డులోనూ ఆ లెక్క కనిపిస్తుంది. ఇద్దరు ఆటగాళ్లు, చెరో 20 లైఫ్. చెరో డెక్కు, అంటే ఎవరికి వారు తమ కార్డులతో ముందే కట్టుకున్న పేక. అందులో కనీసం 60 కార్డులు. బేసిక్ ల్యాండ్లు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకి మించకూడదు. మొదట 7 కార్డులు చేతికొస్తాయి, తర్వాత టర్న్‌కి ఒకటి లాగుతారు, టర్న్‌కి ఒక ల్యాండ్ దింపొచ్చు. ల్యాండ్ అంటే పొలం అనుకోండి. ప్రతి టర్న్ ఒక మానా పండుతుంది, ఆ మానాతోనే మిగతా కార్డులన్నీ దింపాలి. అవతలివాడి లైఫ్ సున్నా చేసినవాడు గెలిచినట్టు.

రమ్మీ వచ్చినవాళ్లకి సగం ముందే తెలుసు

13 ముక్కల రమ్మీలో ఏడు చేతికొస్తే 5-6-7, 6-7-8, 7-8-9 అని మూడు రకాలుగా కలుస్తుంది. రాజు వస్తే జాకీ-రాణి-రాజు, లేదంటే రాణి-రాజు-ఆసు. అంతే. పైగా అవతలివాడు షో కొడితే రాజు 10 పాయింట్లు నెత్తిన పెడతాడు. అందుకే అలవాటైన చెయ్యి ఒంటరి రాజుని మొదట్లోనే పడేస్తుంది, ఏడుని ఇంకో రెండు రౌండ్లు ఉంచి చూస్తుంది. బొమ్మ పెద్దదే, పనే తక్కువ.

మా తాతల నాటి గంజపా అనే పేకాట ఇంకా ముందుకెళ్లింది. గుండ్రటి ముక్కలు, ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు చొప్పున 96. ఈ తరహా ఆటల్లో అంకె ముక్కల వరకు సగం రంగులకి పది పెద్దది, మిగతా సగానికి ఒకటి పెద్దది. అంకె అదే, రంగు మారితే విలువ తలకిందులు. ట్రేడింగ్ కార్డు పట్టుకున్నప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. ముక్క విలువ ముక్క మీద అచ్చయి ఉండదు.

ఇక పనిలోకి.

మొదటి మెట్టు: చదవండి. మళ్లీ చదవండి.

నవ్వకండి. మా అరుగు మీద జరిగే తప్పుల్లో సగం ఇక్కడివే. బొమ్మ చూస్తారు, అంకె చూస్తారు, మధ్యలో ఉన్న రెండు లైన్లు వదిలేస్తారు. ఆ రెండు లైన్లలో కొన్ని మాటలు పెన్సిల్‌తో గీత గీసుకుని చదవాల్సినవి.

"మే" అని ఉంటే ఇష్టమైతేనే చెయ్యొచ్చు. ఆ మాట లేకపోతే మీకు నష్టమైనా చేసి తీరాలి. "టార్గెట్" అంటే దింపేటప్పుడే ఫలానా దాని మీద అని చూపించాలి. మీ కార్డు పనిచేసేలోపు ఆ ఫలానాది బల్ల మీంచి మాయమైతే, టార్గెట్ అదొక్కటే అయితే, మీ కార్డు గాల్లో కలిసినట్టే. "అన్‌టిల్ ఎండ్ ఆఫ్ టర్న్" అంటే పెట్టిన బలం పొద్దుగూకేసరికి పోతుంది. "ఎంటర్స్ ట్యాప్డ్" అంటే ఒక టర్న్ ఆలస్యం. సార్సరీ అనే రకం కార్డు మీ టర్న్‌లోనే పనికొస్తుంది, ఇన్‌స్టంట్ అనే రకం అవతలివాడి టర్న్‌లోనూ పనికొస్తుంది. పని అదే అయినా ఇన్‌స్టంట్‌కి ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువ మార్కులు వెయ్యండి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన మాట "ఈచ్ ప్లేయర్". హౌలింగ్ మైన్ అని పాత కార్డు ఉంది, 1993 నాటిదే. రెండు మానా. బల్ల మీద ఉన్నంతకాలం ప్రతి ఆటగాడూ తన టర్న్‌లో ఒక కార్డు అదనంగా లాగుతాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నోరూరింది. రెండు మానాకి ప్రతి టర్న్ ఓ కార్డు ఉచితం! తీరా దింపాక నా టర్న్ అయిపోయింది. మొదటి ఉచిత కార్డు ఎవరు లాగారు? అవతలివాడు. కార్డు నాది, మానా నాది, నా టర్న్ ఖాళీ, తొలి ముద్ద వాడికి. పెళ్లి ఖర్చంతా మనది, మొదటి బంతిలో కూర్చున్నది ఎదురింటివాళ్లు. ఇద్దరూ ఎక్కువ కార్డులు లాగడం తనకే లాభమయ్యేలా కట్టుకున్న డెక్కు ఉంటే ఈ కార్డు బంగారం. మామూలు డెక్కులో ఎదుటివాడికి పెట్టిన కట్నం.

రెండో మెట్టు: కొలబద్ద పెట్టుకోండి

కూరగాయల బజారులో వంకాయ కిలో ఎంతో తెలియకుండా బేరం ఆడలేం కదా. ఇక్కడా అంతే. కొన్ని మామూలు కార్డుల ధరలు నోటికి రావాలి.

జీవులకి, అంటే బల్ల మీద నిలబడి కొట్లాడే కార్డులకి: రెండు మానాకి 2/2. అంటే 2 దెబ్బ కొడుతుంది, 2 దెబ్బ తట్టుకుంటుంది. ఆ కొలబద్ద పేరు గ్రిజ్లీ బేర్స్, ఏ విద్యా లేని ఎలుగుబంటి. ఇప్పటి సెట్లలో, అంటే ఒకేసారి విడుదలయ్యే కార్డుల విడతల్లో, రెండు మానా జీవి ఈ 2/2 తో పాటు ఇంకో చిన్న పని కూడా చేస్తుంటుంది. ఏమీ లేని ఎలుగుబంటి ఇప్పుడు పాస్ మార్కుకి కాస్త కిందే.

దెబ్బలకి: ఒక మానాకి 2 దెబ్బ కొట్టేది షాక్. రెండు మానాకి 3 కొట్టేది లైట్నింగ్ స్ట్రైక్. ఒకే మానాకి 3 కొట్టేది లైట్నింగ్ బోల్ట్. బోల్ట్ మేలిరకం, స్ట్రైక్ సరసమైన ధర. కార్డులు లాగడానికి డివినేషన్: మూడు మానా, సార్సరీ, రెండు కార్డులు.

కొత్త కార్డు చేతికి రాగానే ఈ కొలబద్దల పక్కన పెట్టండి. దీనికంటే ఏం ఎక్కువ ఇస్తోంది? ఆ ఎక్కువకి బదులు ఏం తీసుకుంటోంది? ఒక మానా ఎక్కువా, ఇన్‌స్టంట్ బదులు సార్సరీయా, ఏదైనా షరతా?

అంకెలు పోల్చడం మాత్రం ఇక్కడితో చాలదు. దానికి మొదటి సెట్‌లోనే ఒక చక్కటి పాఠం ఉంది. కాస్త ఆగి చూద్దాం.

ఒకే ధర, ఒకే "మూడు", ఐదు తలరాతలు

1993 నాటి ఆ తొలి సెట్‌లో ఐదు రంగులకీ ఐదు కార్డులు ఒకే నమూనాలో చేశారు. ప్రతిదానికీ ఒకే ఒక్క మానా. ప్రతిదీ ఏదో ఒకటి "మూడు" ఇస్తుంది. నీలం యాన్సెస్ట్రల్ రీకాల్: మూడు కార్డులు. ఎరుపు లైట్నింగ్ బోల్ట్: మూడు దెబ్బలు. నలుపు డార్క్ రిచువల్: మూడు మానా. పచ్చ జయంట్ గ్రోత్: ఆ టర్న్‌కి ఒక జీవికి +3/+3. తెలుపు హీలింగ్ సాల్వ్: మూడు లైఫ్, లేదా మూడు దెబ్బలు ఆపడం.

కాగితం మీద అందరూ అన్నదమ్ములే. ముప్పై ఏళ్ల తర్వాత ఎక్కడున్నారో చూడండి.

టోర్నమెంట్లలో ఏ కార్డులు ఆడొచ్చో చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి: లెగసీ, వింటేజ్, మోడరన్, స్టాండర్డ్ అని. యాన్సెస్ట్రల్ రీకాల్ ఎంత బలమైనదంటే లెగసీ పద్ధతిలో దాన్ని నిషేధించారు. వింటేజ్‌లో మాత్రం డెక్కుకి ఒక్కటంటే ఒక్కటి అనుమతి. బోల్ట్ ఈనాటికీ మోడరన్ డెక్కుల్లో తిరుగుతోంది. రిచువల్ త్వరగా ముగించే డెక్కుల్లో బతుకుతోంది. జయంట్ గ్రోత్ అప్పుడప్పుడు కనిపిస్తుంది. హీలింగ్ సాల్వ్‌ని పట్టించుకునేవాళ్లు లేరు.

ఎందుకిలా? రీకాల్‌లో ఒక కార్డు పోయి మూడు వచ్చాయి, నికరంగా రెండు లాభం. ఆ మూడు కార్డుల్లో ఏముంటే అది, అంటే అవసరాన్ని బట్టి అది ఏమైనా అవుతుంది. బోల్ట్ ఒక కార్డు ఖర్చు, కానీ అవతలివాడి కార్డుని ఒకదాన్ని తీసుకుపోతుంది. జీవి లేకపోతే నేరుగా వాడి మొహానికే కొట్టొచ్చు, ఎప్పుడూ చేతిలో చచ్చి పడుండదు. రిచువల్ ఒక మానాని మూడు చేసింది నిజమే, కార్డు మాత్రం పోయింది. అది కొన్నది వేగం ఒక్కటే. వేగం అవసరంలేని డెక్కుకి అది దండగ. జయంట్ గ్రోత్‌కి ముందు మీదంటూ ఒక జీవి ఉండాలి. మీరు గ్రోత్ వేశాక, అది పనిచేసేలోపు అవతలివాడు ఆ జీవిని చంపేశాడా, మీవి రెండు కార్డులు పోయాయి, వాడిది ఒకటే.

హీలింగ్ సాల్వ్? దెబ్బ తగిలినచోట పసుపు రాసింది. కొట్టేవాడు ఎదురుగా అలాగే నిలబడి ఉన్నాడు. వచ్చే టర్న్ మళ్లీ కొడతాడు, ఈసారి రాయడానికి పసుపు లేదు.

కాబట్టి "ఎంత ఇస్తోంది" అని అడిగి ఊరుకోకండి. "ఏది ఇస్తోంది" అని కూడా అడగండి. నా అనుభవంలో బరువు ఈ వరసలో ఉంటుంది: కార్డులు, బల్ల మీద అవతలివాడి ముక్క తీసెయ్యడం, మానా, ఆ తర్వాత ఎక్కడో దూరంగా ఉత్త లైఫ్. చాలామంది కొత్త ఆటగాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా చూస్తారు. లైఫ్ పెరగడం కంటికి కనిపిస్తుంది కదా.

ఈ తప్పు కొత్తవాళ్లే కాదు, తలపండినవాళ్లూ చేశారు. 1995లో ఐస్ ఏజ్ సెట్‌లో నెక్రోపొటెన్స్ వచ్చింది. టర్న్‌కి ఒక కార్డు లాగే హక్కు వదులుకోవాలి, బదులుగా ఒక్కో లైఫ్ చెల్లించి ఒక్కో కార్డు తెచ్చుకోవచ్చు. ప్రాణం పెట్టి కార్డులు కొనడమేంటని మొదట చాలామంది పక్కన పెట్టేశారు. 1996 వేసవికి టోర్నమెంట్లన్నీ దాని చుట్టూనే తిరిగాయి. ఆ కాలానికి బ్లాక్ సమ్మర్ అనే పేరే పడిపోయింది. 20 లైఫ్ ఉన్నా ఒక్కటే ఉన్నా బతికి ఉన్నట్టే, కార్డులు ఉన్నవాడే గెలుస్తాడు అని అప్పుడు అర్థమైంది జనానికి.

మూడో మెట్టు: నాలుగు రోజులు ఊహించండి

అసలు పని ఇక్కడ ఉంది. కొత్త కార్డు చూడగానే మన మనసు ఒక పండగ రోజుని ఊహిస్తుంది. మన బల్ల నిండుగా ఉంది, అవతలివాడి చేతులు ఖాళీ, మనం ఈ కార్డు దించుతాం, వాడు లేచి దండం పెడతాడు. ఆ రోజు ఏ కార్డైనా బాగుంటుంది. మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో చూడాలి.

నాలుగు పరిస్థితులు అనుకోండి. ఇంగ్లీషులో దీన్ని క్వాడ్రంట్ థియరీ అంటారు. ఆట మొదట్లో ఉన్నారు. ఇద్దరూ సమానంగా బిగుసుకుని ఉన్నారు. మీరు గెలుస్తున్నారు. మీరు ఓడిపోతున్నారు. నాలుగిట్లోనూ ఈ ఒక్క కార్డు చేతికొస్తే ఏం చేస్తుంది?

గెలుస్తున్నప్పుడు మాత్రమే పనికొచ్చే కార్డుకి నేను సున్నా వేస్తాను. అప్పటికే గెలుస్తున్నారు కదా, దానితో పనేంటి? ఓడిపోతున్నప్పుడు చేతికొచ్చి ఆటని నిలబెట్టే కార్డుకి రెండు మార్కులు ఎక్కువ. ఆట మొదట్లో ఒకటి రెండు మానాకి దిగేవి, సమంగా ఉన్నప్పుడు ముడి విప్పేవి మధ్యలో ఉంటాయి.

నా సొంత బుద్ధి తక్కువతనం ఒకటి చెబుతాను. మొదటి ఏడాది ఏడు మానా డ్రాగన్ ఒకటి కొన్నాను. మెరిసే ఫాయిల్ ముక్క, వెలుతురులో తిప్పితే రెక్కలు కదిలినట్టుండేది. ఎవరి దగ్గర కొన్నానో అనవసరం, ఆయన అబద్ధం చెప్పలేదు, నేనే లెక్క వెయ్యలేదు. ఆ లెక్క ఇది. నా 60 కార్డుల డెక్కులో 24 ల్యాండ్లు, అంటే పదింటికి నాలుగు. ఏడు ల్యాండ్లు రావాలంటే సగటున 17, 18 కార్డులు చూడాలి. మొదట 7 చేతిలో ఉంటాయి, ఆపైన టర్న్‌కి ఒకటి. అంటే పదో టర్నో పదకొండో టర్నో. పాతపట్నం కుర్రాడు ఒకడు ఎర్ర డెక్కుతో నన్ను ఐదో టర్న్‌కే ఇంటికి పంపేవాడు. నా డ్రాగన్ ప్రతి ఆటలోనూ చేతిలోనే కూర్చుని అంతా చూసేది. మంచి ప్రేక్షకుడు.

ఇప్పుడు నాలుగు రోజుల్లో దాన్ని పెట్టి చూడండి. మొదట్లో: దిగదు. ఓడిపోతున్నప్పుడు: దిగే లోపు ఆట అయిపోతుంది. సమంగా ఉన్నప్పుడు: చాలా బాగుంది. గెలుస్తున్నప్పుడు: బాగుంది గానీ అక్కర్లేదు. నాలుగింటిలో ఒకటి. అలాంటివి డెక్కులో ఒకటో రెండో ఉండొచ్చు, నాలుగు మాత్రం వద్దు.

నాలుగో మెట్టు: చస్తే ఏం మిగులుతుంది

అవతలివాడు మీ కార్డుని చంపుతాడు. ఇది అనుమానం కాదు, వాడు డెక్కు కట్టుకున్నదే అందుకు. కాబట్టి ప్రతి జీవికీ ఈ ప్రశ్న వెయ్యండి: దిగిన మరుక్షణం చనిపోతే నాకేం దక్కింది?

దీనికి ఆటగాళ్లందరూ వాడే జంట ఒకటుంది. 2009లో వచ్చిన బేన్‌స్లేయర్ ఏంజెల్, 2007లో వచ్చిన మల్‌డ్రిఫ్టర్. రెండింటికీ ఐదేసి మానా. ఏంజెల్ 5/5, ఎగురుతుంది, ముందు దెబ్బ కొడుతుంది, కొట్టినంత లైఫ్ మనకి తెస్తుంది. ఒక టర్న్ బతికిందా, ఆట మీది. బతకలేదా, ఐదు మానా బూడిదలో పోసినట్టే. మల్‌డ్రిఫ్టర్ ఎగిరే 2/2, చూడ్డానికి చేపలా ఉంటుంది. కానీ దిగగానే రెండు కార్డులు లాగిస్తుంది. చంపినా ఆ రెండు కార్డులు మీ చేతిలోంచి ఎక్కడికీ పోవు. డబ్బు లేని రోజు మూడు మానా ఇచ్చి కూడా పిలవచ్చు, అప్పుడు వచ్చి, రెండు కార్డులు ఇచ్చి, దానంతట అదే పోతుంది.

బలంలో ఏంజెల్ పెద్దది. అవతలివాడి దగ్గర చంపే కార్డులు లేవని తెలిస్తే నేనూ ఏంజెల్‌నే దించుతాను. తెలియనప్పుడు మాత్రం చేపే నయం.

అలాగని "ఇది చంపితే చస్తుంది" అని ప్రతి కార్డునీ కొట్టిపారెయ్యకండి. మా అరుగు మీద ఒకాయన ఉన్నారు, ఏ కార్డు చూపించినా ఇదే మాట. రెండు మానా జీవిని చంపడానికి అవతలివాడు రెండు మానా కార్డు ఖర్చు పెట్టాడంటే లెక్క చెల్లు. ఒక మానా కార్డుతో మీ ఆరు మానా జీవిని చంపాడంటే అప్పుడు నష్టం. పోయింది ఎంత, పోగొట్టడానికి వాడు పెట్టింది ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఐదో మెట్టు: తోడు ఎంతమంది కావాలి

"ఇది, అదీ కలిస్తే ఇక ఆట ముగిసినట్టే" అని కుర్రాళ్లు తెగ చెబుతారు. కలవడం ఎంత అరుదో లెక్క చూడరు. డెక్కులో ఒక కార్డు నాలుగు పెట్టారనుకోండి. మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం దాదాపు 40 శాతం. పది కార్డులు చూసేసరికి అది 53 శాతం దాకా వస్తుంది. మరి ఇదీ నాలుగు, దాని జోడీ నాలుగు పెట్టి, పది కార్డుల్లో రెండూ కనిపించాలంటే? దాదాపు 27 శాతం. నాలుగు ఆటలకి ఒకసారి. మిగతా మూడు ఆటల్లో ఈ కార్డు అసలంటూ వస్తే ఒంటరిగానే చేతికొస్తుంది. ఒంటరిగా అది ఏం చేస్తుందో అదే దాని అసలు మార్కు.

ఎవరితోనైనా సర్దుకుపోయే కార్డు దీనికి ఎదురు కొస. స్కల్‌క్లాంప్ అని ఒక చిన్న పనిముట్టు, 2004లో డార్క్‌స్టీల్ సెట్‌లో వచ్చింది. దింపడానికి ఒక మానా, జీవికి తగిలించడానికి ఒక మానా. తగిలించిన జీవికి +1/-1, అది చస్తే రెండు కార్డులు. ఒక దెబ్బకి చచ్చే బక్క జీవికి తగిలిస్తే అక్కడికక్కడే చచ్చి రెండు కార్డులు ఇస్తుంది. అలాంటి బక్క జీవులు ఏ డెక్కులో లేవు? ఫిబ్రవరిలో వచ్చింది, అదే ఏడాది జూన్‌కి స్టాండర్డ్‌లో నిషేధించారు. బొమ్మలో డ్రాగన్ లేదు, దేవదూత లేదు.

పోకెమాన్ పిల్లలకి

ఇదే బడి, పలక వేరు. 1999లో ఇంగ్లీషులో వచ్చిన మొదటి సెట్‌లోని చారిజార్డ్ కోసం ప్రపంచమంతా ఎగబడింది. ఇప్పటికీ పాత ముక్కలు కళ్లు తిరిగే ధర పలుకుతాయి. ఆటలో చూడండి: ముందు చార్‌మాండర్, దాని మీద చార్‌మీలియన్, ఆపైన చారిజార్డ్. 100 దెబ్బ కొట్టాలంటే నాలుగు ఎనర్జీలు (మానా లాంటివే), కొట్టిన ప్రతిసారీ రెండు ఎనర్జీలు పారెయ్యాలి. అదే సెట్‌లో ప్రొఫెసర్ ఓక్ అని ఒక ముసలాయన కార్డు ఉంది. చేతిలో ఉన్నవన్నీ పారేసి ఏడు కొత్తవి లాగడం. ఆ రోజుల్లో గెలిచే డెక్కుల్లో చారిజార్డ్ లేకపోయినా చెల్లింది, ఓక్ లేకపోతే చెల్లలేదు. పిల్లలు ముసలాయన్ని ఇచ్చేసి చారిజార్డ్ తీసుకునేవారు, ఇద్దరికీ సంతోషమే.

ఇప్పటి పోకెమాన్‌లో ఒకటే అదనంగా చూడండి. ఎక్స్ అని రాసున్న పెద్ద కార్డు పడిపోతే అవతలివాడు తన ప్రైజ్ కార్డుల్లో ఒకటి కాదు, కనీసం రెండు తీసుకుంటాడు. ఆట మొదట్లో పక్కన పెట్టుకున్నవి ఆరే, అవి ముందు ఖాళీ చేసినవాడు గెలిచినట్టు. బలం కొన్నప్పుడు ఆ అప్పు కూడా రాసుకోవాలి. ఇంకో మాట: ఫ్యాన్సీ షాపుల్లో వేలాడే బంగారు రంగు రేకు కార్డులు ఆటకి పనికిరావు. తెలిసి కొనుక్కుంటే తప్పులేదు.

ఆరో మెట్టు: దేని బదులు

కార్డు బాగుందని తేలింది. సరే, డెక్కులో 60 నిండిపోయి ఉన్నాయి. 61 పెట్టడానికి రూల్ ఒప్పుకుంటుంది గానీ, ప్రతి అదనపు ముక్కా మీ మంచి ముక్కల్ని ఒక అడుగు కిందకి నెడుతుంది. ఒకటి తియ్యాలి. ఏది?

అక్కడే చాలామంది ఆగిపోతారు. ఏడు మార్కుల కొత్త కార్డు వచ్చినా, డెక్కులో బలహీనమైన ముక్కే ఏడున్నర అయితే దానికి చోటు లేదు. ఐదు మార్కుల కార్డైనా, మీ డెక్కులో రెండు మానా గడి ఖాళీగా ఉండి, రెండో టర్న్ ప్రతిసారీ చేతులు కట్టుకు కూర్చుంటుంటే, దానికి చోటు ఉంది. డెక్కుని బల్ల మీద ధరల వారీగా పేర్చండి: ఒక మానావి ఒక వరస, రెండువి ఇంకో వరస. ఏ వరస పొట్టిగా ఉందో, ఏది ఉబ్బిందో కంటికే తెలుస్తుంది. మా మేనల్లుడి డెక్కులో ఐదు మానా వరస బల్ల అంచు దాటింది, రెండు మానా వరసలో మూడు ముక్కలు.

డ్రాఫ్ట్ ఆడేటప్పుడు, అంటే అప్పటికప్పుడు ప్యాకెట్లు విప్పి ఏరుకున్న ముక్కలతోనే డెక్కు కట్టి ఆడేటప్పుడు, ఈ లెక్క కాస్త మారుతుంది. అక్కడ డెక్కు 40, అందులో ల్యాండ్లు మామూలుగా 17. ఎవరికీ గొప్ప కార్డులు ఉండవు కాబట్టి, జీవుల్ని చంపే మామూలు ముక్కలు, సాదా రెండు మూడు మానా జీవులు ఇంకా పైకి వస్తాయి.

ఏడో మెట్టు: కొనకముందే పది ఆటలు

ఇంత లెక్క వేసినా నేను సగంసార్లు తప్పుతాను. అందుకే చివర కాగితం ముక్క. తెల్ల కాగితం కార్డు సైజుకి కత్తిరించి, పేరూ ధరా పనీ పెన్నుతో రాసి, తొడుగులో బేసిక్ ల్యాండ్ ముందు పెట్టండి. దీన్నే ప్రాక్సీ అంటారు. ఇది అరుగు మీద ఆటకే, అధికారిక టోర్నమెంట్‌లో ఒప్పుకోరు. ఒకటి పెడితే కనిపించదు, నాలుగు పెట్టి ఆడండి.

పక్కన చిన్న నోట్‌బుక్. ఆ కార్డు చేతికొచ్చిన ప్రతిసారీ ఒక్కటే ప్రశ్న: ఈ క్షణాన ఇది కాకుండా, నేను తీసేసిన ముక్కే చేతిలో ఉంటే బాగుండేదా? ఇదే నయం అనిపిస్తే గీత, పాతదే నయం అనిపిస్తే సున్నా. గెలిచారా ఓడారా అన్నది రాయకండి, గెలుపు మిగతా 56 కార్డుల వల్ల కూడా కావచ్చు. ఆట అయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు, అప్పటికి మనసు కథ అల్లేసి ఉంటుంది. చేతిలో ఉండగానే రాయాలి.

మేనల్లుడు తెచ్చిన కార్డు కూడా ఇలాగే చూశాం. ఆరు మానా దయ్యం, దిగగానే ప్రతి ఆటగాడూ తన జీవుల్లో ఒకదాన్ని బలివ్వాలి. "ప్రతి ఆటగాడూ" అన్న మాట వాడు చదవలేదు. నాలుగు కాగితం ముక్కలు కత్తిరించాం. నాలుగు రోజులు, పది ఆటలు. మధ్యలో మా అక్క బరా, గుగుని తెచ్చి పెట్టింది, నోట్‌బుక్ మీద ఒక నూనె మరక ఇంకా ఉంది. చివర్లో కూడితే దయ్యం పదకొండుసార్లు చేతికొచ్చింది. మూడు గీతలు, ఎనిమిది సున్నాలు.

"అయితే ఇది బాగోలేదన్నమాట," అన్నాడు.

ఆ మూడు గీతలూ ఎప్పుడు పడ్డాయో చూడమన్నాను. పేజీ తిప్పాడు. మూడుసార్లూ వాడి వైపు బక్క జీవులు రెండు మూడు ఉన్నాయి, అవతలివాడి వైపు ఒకే ఒక్క పెద్దది. వీడు ఒక బక్కదాన్ని ఇచ్చాడు, వాడు ఉన్న ఒక్కదాన్నీ ఇచ్చుకున్నాడు.

కాసేపు పేజీ చూస్తూ కూర్చున్నాడు. తర్వాత డెక్కంతా బల్ల మీద పరిచి, ఐదు మానా వరసలోంచి ముక్కలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలెట్టాడు.

"బక్కవి ఇంకెన్ని కావాలి మావయ్యా?"